గ్రాఫు కాగితం లేని ఇల్లు

నిన్న మా మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, ఏ టాస్కు ఎప్పుడు నడుస్తోందో చూడు" అంది. కెర్నల్‌షార్క్ అట. తెరనిండా ఎరుపూ పచ్చా పసుపూ గీతలు, కలంకారీ దుప్పటి పరిచినట్టు.

మా రోజుల్లో ఈ భోగం ఎక్కడిది? 8051 చిప్పు, దాని పోర్టుకు ఎనిమిది పిన్నులు, పిన్నుకో ఎల్ఈడీ. టాస్కు మొదలైతే వెలిగించు, అయిపోతే ఆర్పు. అంత వేగంగా వెలిగి ఆరితే కంటికేం ఆనుతుందంటారా? వెలుగు ఎంతుందో చూస్తే చాలు, ఆ టాస్కు ప్రాసెసర్ని ఎంత తింటోందో తెలిసిపోయేది. పనిలేనప్పుడు వెలిగే దీపం మసకబారిందా, కొంప మునగబోతున్నట్టే. పైగా ఖర్చెంత? 12 మెగాహెర్ట్జ్ మీద ఒక్క ఇన్‌స్ట్రక్షను, ఒక్క మైక్రోసెకను. ఈ రంగుల లెక్కలన్నీ రాసుకోవడానికి ప్రాసెసర్ ఎంత టైము పోస్తోందో ఎవరైనా అడిగారా?

ఆసిలోస్కోపు ఉండేదనుకోండి. దానికి రెండే ఛానళ్లు. రెండు టాస్కులు కనబడేవి, దొంగ ఎప్పుడూ మూడోదే.

అసలు మేం ముందు గీసి, తర్వాత నడిపేవాళ్లం. వీళ్లు నడిపేసి, తర్వాత చూస్తారు. 20, 50, 100 మిల్లీసెకన్లకోసారి వచ్చే టాస్కులు మూడుంటే, అన్నీ సున్నా దగ్గరే ఒక్కసారి లేచాయనుకుని గ్రాఫు కాగితం మీద 100 దాకా గీయడమే. ఆపైన మళ్లీ అదే బొమ్మ. 1973 నాటి లియూ, లేలాండ్ పేపరు జిరాక్సు సొరుగులో ఉండేది: తరచుగా వచ్చేదానికే పెద్దపీట, మొత్తం లోడు 69 శాతం లోపుంటే దేనికీ గడువు తప్పదు. ఒకదాని కోసం ఇంకొకటి ఆగకూడదు, అంతే.

ఆ ఆగడం దగ్గరే వస్తుంది తంటా. 1997లో అంగారకుడి మీద పాత్‌ఫైండర్ కంప్యూటరు ఊరికే రీసెట్ అయ్యేది. వాతావరణం చూసే చిన్న టాస్కు తాళం పట్టుకుని కూర్చుంది, మధ్యవాడొచ్చి దాన్ని పక్కకి తోశాడు, తాళం కోసం పెద్దవాడు పడిగాపులు. నాసా వాళ్లు భూమ్మీద నకలు యంత్రంలో ట్రేస్ పెట్టి పట్టుకున్నారు. ట్రేస్ అంటే ఈ కలంకారీయే, ఒప్పుకుంటాను.

"ఈ పసుపు గీత ఎందుకు తెగింది?" అన్నాను. పిల్ల మౌసు అటూ ఇటూ తిప్పి, పది నిమిషాల్లో తాళం ఎవరి చేతిలో ఉందో చెప్పింది. అలాంటిదానికే ఒకసారి నాకు మూడు రాత్రులు పట్టింది. ఆ సంగతి చెప్పలేదు. "సరే, ఇప్పుడది కాగితం మీద గీసి చూపించు" అన్నాను.

ఇంట్లో గ్రాఫు కాగితమే లేదట.