నోరులేని ఆట

టెలివిజను సంస్థలలో ఏ ఆటను చూపవలెనో, ఏ ఆటను చూపరాదో నిర్ణయించు పెద్దలకు ఒక శాస్త్రము కలదు. ఆ శాస్త్రమునకు సూత్రకారుడెవ్వడో, భాష్యకారుడెవ్వడో తెలియదు గాని, అందు బిలియర్డ్సు, స్నూకరు, పూలు అను మూడు క్రీడల స్థానము మాత్రము నిస్సంశయముగా నిర్ణీతమైయున్నది: అవి తెరకు పనికిరాని ఆటలు. ఏల పనికిరావని ప్రశ్నించినచో ఎవరును చూడరని సమాధానము వచ్చును; ఎవరును చూడరని మీకెట్లు తెలిసినదని మరల ప్రశ్నించినచో, ఇంతవరకెవరును చూచియుండలేదు గదా యని సమాధానము వచ్చును; ఇంతవరకెవరికైనను చూపితిరా యని మూడవమారు ప్రశ్నించు అవివేకికి, ఎవరును చూడనిదానిని ఎట్లు చూపుదుమని కరుణాపూర్ణమైన మందహాసమొక్కటి లభించును. మన నైయాయికులు దీనికి అన్యోన్యాశ్రయమని పేరిడి దోషముల జాబితాలో చేర్చిరి. పాపము, వారికి రేటింగుల సంగతి తెలియదు.

ఆ శాస్త్రమున మొదటి సూత్రము, ఈ ఆట మందగమనమైనదని. ఐదు దినములు ఆడి, నడుమ భోజనమునకును తేనీటికిని లేచి, తుదకు ఎవరును గెలువకుండ చేతులు కలుపుకొని విడిపోవు క్రీడను ఆద్యంతము ప్రసారము చేయుచున్న నోటితోనే ఈ మాట వెలువడుట విశేషము. (నాకు టెస్టు క్రికెటనిన మిక్కిలి ప్రీతి; దానిని నిందించుట నా యుద్దేశము కాదు.) ఆ ఆట ఆరంభమగుటకు ముందు మాజీ క్రీడాకారుడొకడు సూటు ధరించి పిచ్ ప్రక్కన గొంతుకూర్చుండి, అందలి పగుళ్లలో తాళపుచెవిని దూర్చి చూపుచు, భూగర్భశాస్త్రజ్ఞులకు సైతము ఈర్ష్య పుట్టునంతసేపు ఆ మట్టిని గూర్చి ఉపన్యసించును. ఆ మట్టిని చూచుటకు ఓపికగల ప్రేక్షకునికే, 12 అడుగుల పచ్చని బల్లమీద 22 బంతుల నడకను చూచుటకు ఓపిక చాలదట!

రెండవ సూత్రము, బంతి చిన్నదనియు, కంటికి ఆనదనియు. తోలుబంతి బౌలరు చేతినుండి వికెట్టుకీపరు చేతికి పోవులోపల ఎచ్చట నేలను తాకినదో ఎచ్చట బ్యాటును తాకినదో అంపైరునకే కానరాక, నాలుగు యంత్రములు తెచ్చి విచారణ జరుపుచున్న ఈ దినములలో, నడినెత్తిన దీపములు వెలుగుచుండగా, పొలిమేర దాటిపోవుటకు వీలులేని బల్లపై, రంగురంగుల బంతి తాపీగా దొర్లుచు పోయి సంచిలో పడుట కంటికి ఆనదని చెప్పుట సాహసమే. అమెరికాలో పేకాటరాయుళ్లు బల్లచుట్టును కూర్చుండి, ముఖమున ఏ భావమును పొడచూపనీయక, చేతిలోని ముక్కలను బోర్లించి దాచుకొనుచుండగా, ఆ ముక్కలను చూచుటకు ప్రత్యేకముగా కెమెరాలను అమర్చి లక్షలాది ప్రజలను తెరముందు కట్టివేసినదియు ఈ టెలివిజనే. దాచిన ముక్కను చూపగలిగినవారికి, దాచని బంతిని చూపుట అసాధ్యమైనది.

చరిత్రను చూచినచో ఈ శాస్త్రమంతయు తలక్రిందులుగా కనుపించును. మన జబల్‌పూరున 1875లో బ్రిటిషు సైనికాధికారుల పొద్దుపుచ్చుటలో పుట్టి, ఉదకమండలము క్లబ్బులో నియమావళి వ్రాయించుకొని, సముద్రము దాటిపోయిన స్నూకరు, ఇంగ్లండున 1960ల నాటికి మంచము పట్టియుండెను. దానిని మంచము మీదినుండి లేపినది టెలివిజనే. బీబీసీ రెండవ ఛానలు వారికి రంగుల ప్రసారము క్రొత్తగా చేతికి వచ్చెను. ఆ రంగులు ఊరక పోకుండ రంగులుగల కార్యక్రమము, అందును చౌకయైనది, కావలసివచ్చెను. అప్పుడు ఆ ఛానలు అధిపతియైన డేవిడ్ ఆటెన్‌బరో (తరువాత గొరిల్లాల నడుమ కూర్చుండి లోకప్రసిద్ధుడైన ఆ మహానుభావుడే) ఎఱుపు, పసుపు, నీలము, గులాబి బంతులు దొర్లు ఈ ఆటను గుర్తించి, 1969లో ‘పాట్ బ్లాక్’ అను కార్యక్రమమును ప్రారంభింపజేసెను. ఆ దేశమున చాల యిండ్లలో అప్పటికింకను నలుపు తెలుపు పెట్టెలే యుండినవి. ఏ బంతి గులాబియో ఏ బంతి ఆకుపచ్చయో తెలియనివారు సైతము చూచిరి. కన్నులకు రంగే కానరానపుడు చూచిన జనము, రంగులన్నియు కన్నులు చెదరునట్లు కనుపించు నేడు చూడజాలదని మన శాస్త్రజ్ఞుల నిశ్చయము.

ఆపైన జరిగినది ఇంకను చోద్యము. 1980 ప్రపంచ స్నూకరు ఫైనలు జరుగుచుండగా, లండనులోని ఇరాను రాయబార కార్యాలయముపై సైనికులు దాడి చేయు దృశ్యమును చూపుటకై బీబీసీ వారు ఆటను ఆపివేయగా, తుపాకులను చూపి బంతులను దాచితిరేమని కోపించిన ప్రేక్షకులుండిరి. 1985 ఫైనలున డెనిస్ టేలరు స్టీవ్ డేవిస్‌కు ఎదురుగా మొదటి ఎనిమిది ఫ్రేములును (విడి ఆటలును) వరుసగా పోగొట్టుకొని, చీమవలె ప్రాకుచు 17–17కు చేరెను. తుది ఫ్రేము 68 నిమిషములు సాగి, అర్ధరాత్రి దాటి, కట్టకడపటి నల్లబంతి దగ్గరకు వచ్చి నిలిచెను. ఆ ఒక్క బంతికై ఇరువురును తడబడిరి. బల్లచుట్టును తిరిగిరి, నీళ్లు త్రాగిరి, చెమట తుడుచుకొనిరి. సులభమైన కొట్టును తప్పిరి, కష్టమైనదానికి దిగిరి. ఆ ఫైనలు మొత్తమున ఒక్కమారైనను ఆధిక్యము పొందని టేలరు, ఆ బంతి సంచిలో పడినపుడే ఆధిక్యమును, ప్రపంచ బిరుదును ఏకకాలమున పొందెను. ఆ వేళప్పుడు కోటీ 85 లక్షలమంది బ్రిటనువాసులు మేలుకొని చూచుచుండిరి. మరునాడు పనులకు పోవలసినవారే వారందరును. 2005లో డింగ్ జున్‌హుయీ అను పదునెనిమిదేండ్ల బాలుడు స్టీఫెన్ హెండ్రీతో చైనా ఓపెను ఫైనలాడినపుడు ఆ దేశమున 11 కోట్లమంది చూచిరి. ఇరువదియేండ్లకు, 2025లో, జావో షిన్‌తోంగ్ చైనాకు తొలి ప్రపంచ బిరుదును తెచ్చెను. చూపుటకును గెలుచుటకును నడుమ సంబంధమేమైన నున్నదేమోనను శంక మన పెద్దలకు కలుగలేదు.

ఐనను న్యాయము తప్పరాదు. బిలియర్డ్సు పక్షమున నిలిచి వాదించువాడు ఒక చిక్కును ఒప్పుకొనక తీరదు: మూడు బంతుల ఆ ప్రాచీన క్రీడ ఒకప్పుడు ఆటగాండ్ర నైపుణ్యము చేతనే చూడదగనిదయ్యెను. 1907లో టామ్ రీసు అను ఆంగ్లేయుడు రెండు బంతులను ఒక మూలకు చేర్చి, మూడవదానితో వానిని మెల్లగా తట్టుచు, తట్టుచు, తట్టుచు, ఐదు వారములకు చేరువగా ఒక్కటే బ్రేకును (వంతు పోగొట్టుకొనకుండ కొట్టు కొట్ల వరుసను) సాగించి 4,99,135 పాయింట్లు చేసెను. దానిని రికార్డుగా అంగీకరింపలేదు. పత్రికలవారును ప్రజలును ఆద్యంతము అచ్చట లేకపోవుటయే అందుకు కారణము. ఆద్యంతము అచ్చట కూర్చుండగల ప్రజ ఎక్కడనైన దొరకునా యని రీసును అడిగినవారు లేరు. 1932లో ఆస్ట్రేలియావాడు వాల్టరు లిండ్రమ్ లండనున 4,137 పాయింట్ల బ్రేకు చేయుచున్నంతసేపును, అనగా దాదాపు మూడు గంటలు, ప్రత్యర్థియగు జో డేవిస్ కుర్చీలో కూర్చుండి, చేతిలోని క్యూకర్రను ఊతగా పట్టుకొని, తనకు వంతు వచ్చునా రాదా యను వేదాంతవిచారములో మునిగియుండెను. అట్టి సిద్ధహస్తులను నిగ్రహించుటకు నియమములను మార్చిరి గాని, ప్రేక్షకుడు అంతకుమునుపే ఇంటికి పోయెను. ఈ దోషము వాస్తవము. కాని ఇది బిలియర్డ్సు దోషము. స్నూకరున రోనీ ఓసలివాన్ 1997లో 147 పాయింట్ల పరిపూర్ణమైన బ్రేకును సుమారు ఐదు నిమిషములలో ముగించెను. ఆ ఐదు నిమిషములలో మన ఛానళ్లవారు టాసు వేయు నాణెమును సైతము చూపి ముగింపజాలరు.

ఇక మన దేశము మాట. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు బిరుదును గెలిచి, వ్యక్తిగత క్రీడలలో భారతదేశమునకు తొలి ప్రపంచ విజేతయయ్యెను. టెలివిజను దానిని చూపలేదని నేను నిందింపను. అప్పటికి ఈ దేశమున అది పుట్టియుండలేదు. మరుసటి యేడు సెప్టెంబరున ఢిల్లీలో కన్ను తెరచెను. 1964లో జోన్స్ మరల గెలిచెను; ఐదేండ్ల పసిబిడ్డను తప్పుపట్టుట ధర్మము కాదు. 1977లో మైకేల్ ఫెరీరా గెలిచెను. ఆ యేడే హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసెను. 1984లో ఓం అగర్వాల్ స్నూకరున గెలిచెను. గీత్ సేథీ 1985లో ప్రపంచ విజేతయై, 1992లో ఒక్క బ్రేకులో 1,276 పాయింట్లు చేసెను. పంకజ్ అద్వానీ 2003లో మొదలుపెట్టి, 2024 నాటికి 28 ప్రపంచ బిరుదులను కూడబెట్టెను. ఈలోపల ఆ పసిబిడ్డ పెరిగి పెద్దదై, రంగులు దిద్దుకొని, వందలకొలది ఛానళ్లను కని, ముదిమి మీదపడి, అరచేతి ఫోనులలోనికి కుంచించుకొనిపోవుచున్నను, చూపు మాత్రము ఇంకను ఈ బల్లపై నిలుపలేదు.

ఫెరీరా కొంత ముక్కుసూటి మనిషి. సునీల్ గావస్కరునకు పద్మభూషణము ఇచ్చి, 1981లో తనకు పద్మశ్రీ ఇయ్యబోగా, ప్రపంచ విజేతకు ఒక మెట్టు తక్కువయేల యని దానిని తిరస్కరించెను. 1983లో ప్రభుత్వము పద్మభూషణమే యిచ్చెను. ప్రభుత్వమునకైన సిగ్గు పుట్టినది గాని ఛానళ్లకు పుట్టలేదు. అద్వానీ గెలుచుట నేడు వార్త కాదు; అలవాటు. తెర యడుగున పరుగెత్తు అక్షరములలో, బంగారము ధరకును రేపటి వానకును నడుమ, ఆయన బిరుదు ఒకటి రెండు మారులు దౌడు తీసి మాయమగును. తక్కిన ఆటలను మనవారు గెలువరు గనుక చూపమందురు; దీనిని మనవారే గెలుతురు గనుక ఉత్కంఠ లేదందురు. ఓడినవారికిని గెలిచినవారికిని సమదృష్టితో తలుపులు మూయుటను స్థితప్రజ్ఞత యనవలెనేమో.

తెలుగు ఛానళ్లలో బిలియర్డ్సు బల్ల బొత్తిగా కనబడదనుట మాత్రము అపచారము. దినమునకొకమారైనను కనబడును: సినిమాలో ప్రతినాయకుని డెన్నులో. ఆతడు పట్టుకోటు ధరించి, నోట చుట్టతో బల్లపైకి వంగి, ఎదుట వణకుచున్న అనుచరునితో మాటాడుచు ఒక బంతిని కొట్టును. బంతి ఎటు పోయినదో దర్శకుడు చూపడు. వెంటనే క్యూకర్ర ఆ అనుచరుని వీపున విరుగును. తరతరములుగా తెలుగు ప్రేక్షకుడు ఈ క్రీడను గూర్చి పొందిన శిక్షణ యంతయు ఇదియే. కనుక క్యూకర్ర చేతబట్టినవాడు దుర్మార్గుడనియు, ఆట ఎవరో ఒకరి మరణముతో ముగియుననియు సామాన్యునికి తోచుటలో వింతయేమున్నది? ఆటవారును తక్కువ తినలేదు. ఫలక్‌నుమా సౌధములోని బిలియర్డ్సు గది మొదలుకొని సభ్యులకు మాత్రమేయని బోర్డు వ్రేలాడదీసిన క్లబ్బుల వరకు, తలుపులు మూసుకొని ఆడి, ఎవరును చూడవచ్చుట లేదని వాపోవుదురు. బిలియర్డ్సు ప్రపంచ బిరుదును పాయింట్ల పద్ధతిలో ఒకటియు, కాలపరిమితి పద్ధతిలో ఇంకొకటియు వేర్వేరుగా పంచిపెట్టి, అభిమానికే తలతిరుగునట్లు చేయుదురు. 2017లో అహమ్మదాబాదున ఐదు జట్లతో ఒక లీగు జరిపి, హైదరాబాదు పేరిటను ఒక జట్టును నిలిపి, టెలివిజనున చూపిరి కూడ; ఆ జట్టు పేరు నేడు హైదరాబాదులో ఎందరికి జ్ఞాపకమున్నదో అడిగి చూడుడు. 2014లో కబడ్డీని పట్టుకొన్నవారు పట్టు విడువక చూపి, పల్లెటూరి ఆటయని ఈసడించినవారి చేతనే టిక్కెట్లు కొనిపించిరి; ఇక్కడ ఆ పట్టుదల కొఱవడినది.

అసలు కారణమేమో తెలియవలెనన్నచో అమెరికాకు పోవలెను. 1978లో అక్కడ ఏబీసీ టెలివిజను వారు పూలు ఆటలో ఇరువురు వృద్ధులకు పోటీ పెట్టిరి. ఒకడు విల్లీ మోస్కోనీ: పదునైదుమారులు ప్రపంచ విజేత, 1954లో ఒక్క తప్పైనను లేక వరుసగా 526 బంతులను పడగొట్టిన నిరుపమాన నిపుణుడు, మితభాషి. రెండవవాడు ఒక సినిమాలోని పాత్ర పేరును తన పేరుగా తగిలించుకొని మినెసోటా ఫ్యాట్సుగా వెలసినవాడు. పెద్ద బిరుదొక్కటియు గెలిచి యెఱుగడు గాని, ఆతని నోటికి ప్రపంచమున సమానమైనది లేదు. ఆట మోస్కోనీ గెలిచెను. జనము ఫ్యాట్సును మెచ్చెను. ఆనాడే టెలివిజను గ్రహింపవలసినది గ్రహించెను: దానికి కావలసినది చేయి కాదు, నోరు.

నోటితో పాటు కావలసినది సందు. క్రికెటున ఆరు బంతులకొక సందు, వికెట్టునకొక సందు. ఆ సందున సబ్బును, సిమెంటును, అల్లుడు మెచ్చు నూనెను దూర్చవచ్చును. స్నూకరున బ్రేకు ఆరంభమైనచో ఎప్పుడు ముగియునో బ్రహ్మకును తెలియదు. నడుమ సబ్బును దూర్చినచో ఆట పోవును, దూర్పకున్నచో సబ్బు పోవును. ఈ ధర్మసంకటమున ఏది పోవలెనో నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులకు క్షణకాలము పట్టలేదు. మందగమనమును, చిన్నబంతియు, చూడని జనమును తరువాత కుట్టిన అంగీలు.

కావున ఈ క్రీడ శ్రేయస్సును గోరి కొన్ని సంస్కరణలను వినయపూర్వకముగ విన్నవించుచున్నాను. ఆరు బంతులు పడగానే ఆట ఆపి, ఆటగాడు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కుర్చీలో మౌనముగ కూర్చుండు ప్రత్యర్థికి మైకు తగిలించి, కొట్టువాని వంశచరిత్రను గూర్చి మాటాడుటకు స్వేచ్ఛ నొసగవలెను. బల్లమీది పచ్చని గుడ్డను ప్రకటనదారులకు గజముల లెక్కన అమ్మవలెను. నల్లబంతి సంచి అంచున నిలిచినపుడు, అది పడునా పడదా యని నలుగురు నిపుణులు స్టూడియోలో ఒకరి మాట ఒకరికి వినబడకుండ చర్చింపవలెను. ఇన్నియు జరిగిన పిమ్మట బల్ల ఏదీ, బంతి ఏదీ యని ఎవరైన చాదస్తులు అడిగినచో, ప్రకటనలు వచ్చుచున్నంతసేపు తెర కుడిమూలను తపాలాబిళ్లంత చోటు కేటాయించి, ధ్వని లేకుండ చూపింపవచ్చును.