టేబుళ్లు ఎన్ని కావాలి సార్?

అమీర్‌పేటలో దొరకని చదువు లేదని ప్రతీతి. మైత్రీవనం చుట్టూ జావా, పైథాన్, క్లినికల్ ఎస్ఏఎస్ బోర్డుల సందున ‘థీసిస్ డేటా అనాలిసిస్ చేయబడును’ అనే రకం బోర్డు కూడా ఉంటుంది. అక్కడ కుర్చీ కంటే ముందు ఫారం చూపిస్తారు. మెట్లెక్కే ఓపిక లేనివాళ్లకు వాట్సాప్‌లో లింకొస్తుంది. కింద భరోసా ఒకటి: ఇది నింపండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ఇలాంటి ఫారాలన్నిటి సారం తీసి ఒక్కటిగా రాస్తే ఇదీ వరస. పేరు. కాలేజీ. గైడు పేరు. కేసులెన్ని. టేబుళ్లు ఎన్ని కావాలి. గ్రాఫులు రంగుల్లోనా, నలుపు తెలుపా. ఏ టెస్టు కావాలి: టీ టెస్టు, కై స్క్వేర్, అనోవా, ఏదో ఒకటి. ఎప్పటికి కావాలి: వారానికి, ఎల్లుండికి, ఈ రాత్రికి. ఆఖరి గడి అడ్వాన్సుది, దాని పక్కనే ఎర్ర నక్షత్రం. అసలు ఏం తెలుసుకుందామని ఇంతమందిని లెక్కపెట్టావు నాయనా అని అడిగే గడి మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఒక్క మెట్రో స్టేషన్ దాటితే పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఓపీ చీటీ మీదా పేరు, వయసు ఉంటాయి. అవి చూసి మందు రాసే డాక్టరు ఉండడు. ‘ఏమైందమ్మా, ఎన్నాళ్లనుంచి?’ అని మొదలుపెడతాడు. కడుపులో మంటని వచ్చిన పెద్దాయనకు అసలు బాధ గుండెలో ఉందని నాలుగో ప్రశ్నకు గానీ బయటపడదు. హిస్టరీ తీసుకోవడం రానివాడికి వైద్యం రాదని మెడికల్ కాలేజీల్లో నూరిపోస్తారు. అలా నూరిపోయించుకున్న పీజీ డాక్టర్లే, థీసిస్ గడువు ముంచుకొచ్చేసరికి, ‘టీ టెస్టు’ గడిలో టిక్కు పెట్టి అడ్వాన్సు కట్టేస్తారు. రేపు తమ రోగి వచ్చి ‘ఫలానా యాంటీబయాటిక్ రాసివ్వండి సార్, జబ్బు సంగతి తర్వాత చూద్దాం’ అంటే ఊరుకుంటారా?

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే గడి ఇంకొకటుంది. ‘శాంపిల్ సైజ్ జస్టిఫికేషన్ కావాలా? అవును, కాదు.’ 60 కేసులు అప్పటికే మాస్టర్ చార్టులో ఎక్కి కూర్చున్నాయి. 60 ఎందుకో ఇప్పుడు చెప్పాలి. మన థీసిస్‌లకు కంఠతా వచ్చిన సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే జబ్బున్నవాళ్ల శాతం, క్యూ అంటే నూటిలో మిగతాది, డీ అంటే అంచనాలో ఎంత తేడా వచ్చినా ఫర్వాలేదనుకుంటామో అది. పీ 50 అనుకుని డీ 5 పెడితే 400 మంది కావాలి. 10 పెడితే 100. అంతమంది లేరే! అయితే 13 పెట్టండి. 10,000ని 169తో భాగిస్తే 59 చిల్లర, పైకి సవరిస్తే 60. పదమూడే ఎందుకంటారా? అరవై రావాలి గనక. దానికో రిఫరెన్సు కూడా తగిలిస్తారు, చార్జీ వేరే.

టేబుళ్ల గడీ తక్కువదేం కాదు. ఏ తేడా లేనిచోట కూడా పీ-వాల్యూకు 0.05 గీత పెట్టుకుని పరీక్షిస్తే నూటికి ఐదుసార్లు తేడా ఉన్నట్టు కనబడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే కనీసం ఒక్కటైనా అలా ఉత్తుత్తి ‘సిగ్నిఫికెంట్’ అయ్యే అవకాశం 64 శాతం. 20 టేబుళ్ల ప్యాకేజీ కొన్నవాళ్లు వట్టిచేతులతో పోయేది తక్కువే. ఆ గీత ఒక్కటే చూసి తీర్పులు చెప్పొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే ప్రకటించింది. ఆ ప్రకటన ఇంకా అమీర్‌పేట స్టేషన్లో రైలు మారుతున్నట్టుంది.

ప్రయోగం ముగిశాక స్టాటిస్టీషియన్ని పిలవడమంటే పోస్ట్‌మార్టం చేయించడమేనని ఆర్.ఎ. ఫిషర్ 1938లో మన కలకత్తాకే వచ్చి చెప్పిపోయాడు. ఆయన దగ్గరే 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన సి.ఆర్. రావు గారికి 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వస్తే మనవాడని మురిసిపోయాం. గురువుగారి మాట మాత్రం పట్టించుకోలేదు. పోస్ట్‌మార్టం చేసేవాడు ఏ కారణాన పోయిందో అయినా చెబుతాడు. మన ఫారం ఆ శవానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తుంది.

ఫారాల మీద నాకు పగ లేదు. మన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వాళ్లదీ ఫారమే. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందు వస్తేనే ట్రయల్‌ను నమోదు చేస్తున్నారు. ఏం కొలుస్తావు, ఎప్పుడు కొలుస్తావు, ఎంతమందిలో అని ముందే రాయించుకుంటారు. నింపేవాళ్లకు చెమటలు పడతాయి. పట్టాలి కూడా. అదే మన అమీర్‌పేట దుకాణంలో అరగంట కూర్చోబెట్టి మాట్లాడితే ఆ అరగంటకు డబ్బులెవరిస్తారు? టేబులుకు రేటుంది, ప్రశ్నకు రేటు లేదు.

పీజీ డాక్టర్లూ, మీ సినాప్సిస్ ఎథిక్స్ కమిటీకి పోకముందే స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లండి. ఫారం ఇస్తే తీసుకుని పక్కన పెట్టి, ‘నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇదీ’ అని నోటితో చెప్పండి. వినే తీరిక లేదన్నారో, అడ్వాన్సు కట్టకండి.