కారెడు కారు: టీకా తాత్పర్యము

మూలము

తే.గీ. నేల జారిన నూనెను నేరమనుచు
సీలు నెందుకు దూరెదు శిష్య! మొదట
పైన చూడుము, పక్కన, పైపు లోన
ఊపిరాడక యింజనే యుమియు నూనె

అవతారిక

పాత అంబాసిడర్ కింద నల్లటి మరక చూసి, "వెనక సీలు పోయింది, ఇంజన్ దించేద్దాం" అంటూ పానలు సర్దుకుంటున్న కుర్ర మెకానిక్‌ను వారిస్తూ షెడ్డు గురువు చెప్పిన పద్యం ఇది. అంతటి గురువు చేతికి చిక్కనందున పద్యం కూడా వ్యాఖ్యాతే చెప్పుకున్నాడు. టీక రాయాలన్న దురద ముందు పుట్టి, మూలం ఆ తర్వాత పుట్టింది.

ప్రతిపదార్థము

శిష్య = ఓ శిష్యుడా! (పాన పట్టినవాడే కాక, పక్కన నిలబడి సలహాలిచ్చు బండి ఓనరు కూడ ఇందు చేరును); నేల జారిన నూనెను = ఇంజను నుండి నేలపాలైన ఆయిలును; నేరము అనుచు = ఎవరో ఒకరు చేసిన తప్పుగా నెంచి; సీలును = క్రాంకు వెనుక నున్నదని నీవు నమ్ముచున్న రబ్బరు చుట్టును; ఎందుకు దూరెదు = ఏల నిందించెదవు?; మొదట = ఇంజను దింపక మునుపే; పైన = రాకర్ కవరు అంచున; పక్కన = మానిఫోల్డు చాటున దాగిన ట్యాపెట్ కవర్ల యొద్ద; పైపు లోన = బ్రీదరు గొట్టమునందు; చూడుము = టార్చి వేసి పరికింపుము; ఊపిరాడక = లోపలి ఆవిరి వెలికి పోవు దారి లేక; ఇంజనే = ఆ ఇంజనే; నూనె = ఆయిలును; ఉమియున్ = ఉమ్మివేయును.

తాత్పర్యము

చుక్క పడిన చోటు వేరు, కారిన చోటు వేరు. ఇంజన్ దించే ముందు పైనుంచి కిందికి వెతుకు. బ్రీదరు మూసుకుపోయిందేమో చూడు.

విశేషములు

"సీలు నెందుకు దూరెదు" అన్నచోట గురువుగారి చమత్కారమంతా ఉంది. ఇసుజు ఇంజన్ రాకముందరి పెట్రోలు అంబాసిడర్లలో, తొలినాటి కొన్నింటిని మినహాయిస్తే, ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీఏ కూడా అదే వంశపు ఇంజన్‌తో పరుగెత్తింది. ఆ ఇంజన్ మూల నమూనాలో క్రాంక్ వెనక చివర రబ్బరు సీలే లేదు! ఇరుసు మీద మరచుట్టు లాంటి గాడి కోశారు. క్రాంక్ తిరుగుతుంటే వెనక్కి వచ్చిన ఆయిల్‌ను ఆ గాడి తిరిగి చాంబర్‌లోకి తోసేస్తుంది. అంటే అది తిరుగుతున్నంతసేపే కాపలా. బండి ఆగితే కాపలాదారు నిద్రపోతాడు. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా వాలు మీద ఆపారా, నాలుగు చుక్కలు ఎక్కువే పడతాయి. కనుక లేని సీలు మీద నేరం మోపి, గేర్‌బాక్స్ విప్పి, ఇంజన్‌ను గొలుసుకు వేలాడదీసి, చివరికి "ఇదేమిటి, ఇక్కడ ఏమీ లేదే" అనుకునే శిష్యుడికి ఈ పాదం అంకితం.

"ఇంజనే" అన్నచోట ఏకారం అవధారణార్థకం. సీలు కాదు, ప్యాకింగ్ కాదు, ఇంజనే ఉమ్ముతుందని నొక్కి చెప్పడం. పిస్టన్ రింగులను దాటి కొంత పొగ ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. రింగులు అరిగిన బండిలో అది మరీ ఎక్కువ. ఆ పొగ బయటికి పోవడానికే బ్రీదర్ పెట్టారు. అందులో ఏళ్ల తరబడి జిగురు పేరుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, సందున్న ప్రతి జాయింట్ నుంచీ ఆయిల్‌ను నెడుతుంది. అప్పుడు ఎన్ని కొత్త ప్యాకింగ్‌లు మార్చినా అవన్నీ మళ్లీ కారతాయి, మెకానిక్‌కు మాత్రం మళ్లీ మళ్లీ మజూరీ ముడుతుంది. గొట్టం ఊడదీసి, కిరసనాయిల్‌లో నానబెట్టి, తీగతో గీకితే అయ్యే ఖర్చు టీ నీళ్లపాటిది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడడం మరో పరీక్ష. అక్కణ్ణుంచి పొగ బుస్సుబుస్సున తన్నుకొస్తుంటే రింగుల సంగతి వేరే ఆలోచించాలి.

"పైన" అన్నది సులువు. రాకర్ కవర్ కింద కార్క్ ప్యాకింగ్ ఉంటుంది. ఎండిన కార్క్ వేలితో నొక్కితే వేరుశనగ పొట్టులా రాలిపోతుంది. మార్చేయడమే. అక్కడ కారిన ఆయిల్ బ్లాక్ వెనక గోడ మీదుగా జారుతుంది, ఫ్యాన్ గాలి దాన్ని ఇంకా వెనక్కి తోస్తుంది. చివరికి గేర్‌బాక్స్ ముందున్న బెల్ హౌసింగ్ అంచున వేలాడి అక్కణ్ణుంచి పడుతుంది. చూసినవాడు క్రాంక్‌ను తిడతాడు. అందుకే గురుసంప్రదాయంలో ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడర్ చల్లి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పి తెమ్మంటారు. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ తన దారిని తానే గీసి చూపిస్తుంది. ఆ గీతను కిందినుంచి పైకి పట్టుకుపోతే మొదలు దొరుకుతుంది.

"పక్కన" అనే పదం దగ్గర వ్యాఖ్యాత కాస్త ఆగుతాడు. బ్లాక్ పక్కన, సైలెన్సర్ వైపు, రెండు రేకు మూతలున్నాయి. ఒక్కో దానికి నడుమ ఒకటే బోల్ట్. అంత మూతకు ఒక్క బోల్టేమిటని అనుమానించి, కారుతోంది కదా అని శిష్యుడు బలమంతా పెట్టి బిగిస్తాడు. నడుమ రేకు లోపలికి కుంగుతుంది, అంచులు పైకి లేస్తాయి, ఇంకా కారుతుంది. ఇంకా బిగిస్తాడు! మూత విప్పి గాజుపలక మీద బోర్లా పెడితే అంచు ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది. చదునైన ఇనుపదిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి సరిచేసి, కొత్త కార్క్ వేసి, నిదానంగా బిగించాలి. మానిఫోల్డ్ అడ్డం కనుక చేయి దూరదు. ఇక్కడ మోచేతులు కాల్చుకోని మెకానిక్‌ను నేనైతే నమ్మను.

ముందువైపు టైమింగ్ కవర్ సీలు గురించి మూలం మౌనం వహించింది. వ్యాఖ్యాత ఒక్క మాట చేరుస్తున్నాడు: కవర్ బోల్టులు వదులుగా పెట్టి, పుల్లీని లోపలికి దూర్చి, సీలు దాని చుట్టూ సమంగా కూర్చున్నాకే బిగించాలి. ఒక పక్కకు ఒరిగిన సీలు కొత్తదైనా కారుతుంది.

పూర్వపక్షము: "కారితేనే లోపల ఆయిల్ ఉన్నట్టు లెక్క, పాత బండికి అది సహజ ధర్మం" అని కొందరంటారు. ఒప్పుకోము. బెల్ హౌసింగ్‌లో చేరిన ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటితే బండి కదిలేటప్పుడు ఒణుకుతుంది, ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గాని చక్రాలు కదలవు. వేడి మానిఫోల్డ్ మీద పడితే పొగ, కంపు.

మరికొందరు సిలికాన్ పేస్టు దండిగా పూస్తే చాలంటారు. అదీ ఒప్పుకోము. బిగించినప్పుడు బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. ఆ ముక్క తెగి చాంబర్‌లో పడి పంపు జల్లెడకు అడ్డుపడితే కారడానికి కూడా ఆయిల్ పైకి రాదు. పలచటి కొత్తరకం ఆయిల్ పోసి కారుతోందనేవారికి 20డబ్ల్యూ-50 పొయ్యమనీ, డిప్‌స్టిక్ పైగీత దాటించవద్దనీ సమాధానం.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక ఈ పద్యానికి పాఠకులు తగ్గారే గాని కారే బండ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇక లక్షణ విచారం. యతులు సరిపోయాయి: నే-నే, సీ-శి, పై-పై, ఊ-యు. మూడో పాదం చివర "లోన", నాలుగో పాదం మొదట "ఊపిరి" వచ్చి విసంధి ఏర్పడిందని లాక్షణికులు వేలు పెట్టవచ్చు. "లోన నూపిరాడక" అని నకారాన్ని ప్యాకింగ్‌గా పెట్టి బిగించమనీ అనవచ్చు. వ్యాఖ్యాత వద్దంటాడు. ఇటువంటి బండి మీద చెప్పిన పద్యంలో ఒక్క జాయింట్‌లోనైనా సందు ఉండడం ఔచిత్యం.