విమానానికి హారన్ ఉంటుందా?

"ఏవోయ్, విమానానికి హారన్ ఉంటుందా?"

ఉంటుంది. ముందు చక్రం దగ్గర ఉంటుంది. విమానం నేలమీద ఉన్నప్పుడు కింద పనిచేసే మెకానిక్కుని పిలవడానికి పైలట్ లోపల మీట నొక్కితే మోగుతుంది. అంతేగానీ ఎదురొచ్చే మేఘాన్ని పక్కకి జరగమనడానికి కాదు. ఈ ముక్క మా బావగారికి చెప్పి ఫోన్ పెట్టేశాను. కాఫీ నోటిదాకా వచ్చిందో లేదో, మళ్ళీ మోగింది.

"మరి తాళంచెవి?"

అమ్మాయి డాలస్‌లో ఉంది. నెలలు నిండుతున్నాయి. అక్కా బావగారూ వెళ్తున్నారు. తక్కిన కథ తెలుగు పాఠకులకి చెప్పక్కర్లేదు. టిక్కెట్లు కొన్న రోజు నుంచి నా తెల్లవారుజాములు బావగారి పాలయ్యాయి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ప్రశ్న అడిగితే జవాబు రాబట్టకుండా వదలరు. నాకు విమానాల గురించి తెలుసని ఆయనకెవరు చెప్పారో నాకు తెలీదు. చుట్టాల్లో కాస్త తరచుగా విమానమెక్కేవాణ్ణి, అదే నా అర్హత. ఆ లెక్కన రోజూ ఆర్టీసీ బస్సెక్కే వాళ్ళంతా గేరుబాక్సు విప్పి బిగించగలగాలి.

తాళంచెవి ఉండదు, పెద్ద విమానాలకి అన్నీ స్విచ్చులే. రివర్సు గేరు కూడా లేదు, గేటు దగ్గర్నుంచి వెనక్కి నెట్టడానికి ట్రాక్టరు లాంటి బండి వస్తుంది. కిటికీ అద్దానికి చిన్న కన్నం ఉంటుందటగా, పగులా అన్నారు. పగులు కాదు, కావాలని పెట్టిందే. అక్కడ ఒకదాని వెనక ఒకటి అద్దాలుంటాయి. లోపలి గాలి ఒత్తిడి భారం బయటి అద్దం మీద పడేలా చూసేదీ, మంచు పట్టకుండా కాపాడేదీ ఆ కన్నమే. రాత్రిపూట విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ లైట్లు ఎందుకు తగ్గిస్తారు, కరెంటు పొదుపా? కాదు, ఏదైనా జరిగి చీకట్లోకి దిగాల్సొస్తే కళ్ళు ముందే అలవాటు పడి ఉండాలని. పిడుగు పడితే? సగటున ఏ విమానం మీదైనా ఏడాదికోసారి పడుతూనే ఉంటుంది, ఒంటి మీదుగా పాకి బయటికి పోతుంది. దీనికి మాత్రం బావగారు కాసేపు మాట్లాడలేదు. ఆ పూట కాఫీ వేడిగా తాగాను.

మర్నాడు తలుపు. "ఎవడైనా తిక్కవాడు మధ్యలో తలుపు తీస్తేనో?"

తీయలేడని చెప్పాను. పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలి తలుపుని టన్నుల బరువుతో తొక్కిపట్టి ఉంచుతుంది, వస్తాదు వల్ల కూడా కాదు.

"మరి 2023లో కొరియాలో తీశాడుగా?"

యూట్యూబు చూసే లెక్కల మాస్టారితో ఇదీ చిక్కు. తీసిన మాట నిజమే. కానీ అది దిగబోయే ముందు, నేలకి సుమారు రెండొందల మీటర్ల ఎత్తులో. అక్కడ లోపలి గాలికీ బయటి గాలికీ పెద్ద తేడా ఉండదు, అందుకే వచ్చింది.

"అంటే పైనున్నంతసేపూ నిద్రపోవచ్చు. దిగేటప్పుడు మాత్రం పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. అంతేగా?"

ఇవన్నీ ఒక ఎత్తు, కురిడీ కొబ్బరి ఒక్కటీ ఒక ఎత్తు. బాలింతకి కొబ్బరి కారం కావాలి. దానికి అంబాజీపేట కురిడీలే కావాలి. అక్క ఓ సంచీడు ఏరింది. ఎలా ఏరుతుందనుకున్నారు? ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల కొబ్బరి చిప్పని వదిలి గుడగుడమంటే ఇటు, మొహమాటపడితే అటు. ఆ సంచీ ఫోటో నాకొచ్చింది. ఎండుకొబ్బరి చేతి సంచీలోనూ వద్దు, లగేజీలోనూ వద్దు అని జవాబిచ్చాను. అంతే, లక్ష్మణరేఖ దాటినట్టయింది నా పని.

"ఆవకాయ వెళ్తుందిట, కారం వెళ్తుందిట, నా కొబ్బరేం పాపం చేసిందిరా?" అంది అక్క.

పాపం కాదక్కా, రికార్డు ఉంది దానికి. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రమాదకర సరుకుల జాబితాలో ఎండుకొబ్బరి నంబరు 1363. తరగతి 4.2, అంటే తనంతట తాను వేడెక్కి అంటుకోగల సరుకు. దాని ముందు నంబరు యాక్టివేటెడ్ బొగ్గుది, వెనక నంబరు నూనె పట్టిన పత్తి చెత్తది. దేవుడి గదిలో తాంబూలంలో కూర్చునే కొబ్బరి చిప్ప ఆ సహవాసంలో చేరిందని విని అక్క చెవులు మూసుకుంది. బావగారు నమ్మలేదు.

"మా అటక నిండా కురిడీలే ఉండేవి. మా నాన్న సరిగ్గా దానికిందే మంచమేసుకుని చుట్ట కాల్చేవాడు. ఇల్లింకా ఉంది."

ఎండిన కొబ్బరిలో బరువుకి సగం పైన నూనేననీ, చెమ్మ తగిలి ఓడ అడుగున గుట్టగా పడుంటే లోలోపలే కాగుతుందనీ, విమానం పొట్టలో అది ఎవరికీ కనపడదనీ చెప్పుకొచ్చాను. "ఓడంత కొబ్బరి ఎవడు తీసుకెళ్తున్నాడోయ్? పాతిక కాయలు!" అన్నారు. లెక్క ఆయనదే రైటు. కానీ రూలు లెక్క చూడదు. కౌంటరు దగ్గర కూర్చున్న పిల్ల ఈ నూనె సంగతి చెప్పదు, "నాట్ అలోడ్ సర్" అని సంచీ చెత్తడబ్బా పక్కన పెట్టిస్తుంది. నా కడుపుమంట అక్కడే. ఒక్క ముక్క కారణం చెబితే మనిషి సొమ్మేం పోతుంది?

కేసు అక్కడితో మూసేశారనుకున్నాను. రెండ్రోజులాగి బావగారు కొత్త సాక్ష్యంతో వచ్చారు. "అయ్యప్పస్వాముల్ని ఇరుముడిలో కొబ్బరికాయతో ఎక్కనిచ్చారటగా!"

ఎక్కనిచ్చారు. 2024 శబరిమల సీజనుకి, 2025 జనవరి 20 దాకా, తనిఖీలన్నీ అయ్యాక చేతిలో ఉంచుకోనిచ్చారు. ఆ మాట ప్రకటించిన విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడిది శ్రీకాకుళం జిల్లా.

"అదీ! ఉద్దానం కొబ్బరి తెలిసినవాడు కనక చేశాడు. అయితే నేనూ మాలేసుకుంటాను."

"బావగారూ, ఆ సడలింపు శబరిమల వెళ్ళేవాళ్ళకి. డాలస్ వెళ్ళేవాళ్ళకి కాదు. పైగా అది ఎండుకొబ్బరి కూడా కాదు."

డాలస్‌లో ఇండియన్ స్టోర్లో ఎండుకొబ్బరి దొరుకుతుందన్నాను. అక్క నాతో రెండు పూటలు మాట్లాడలేదు.

ఇంతకీ నన్నడిగితే, యంత్రం గురించి ఇన్ని అనుమానాలు పెట్టుకునే జనం దాంట్లో కూర్చునే మనుషుల గురించి ఒక్కటీ అడగరేం? 2006లో హాంబర్గులో ఎయిర్‌బస్ వాళ్ళు ఎ380ని పరీక్షించారు. సగం తలుపులు మూసేసి, చీకట్లో, 873 మందిని 78 సెకన్లలో బయటికి దింపారు. మన విమానం శంషాబాద్‌లో చక్రం ఆనించగానే బెల్టులు టకటకా ఊడతాయి. పై అర కింద మెడ వంచుకుని, పక్కవాడి మొహంలో బ్యాగు పెట్టి, మూసి ఉన్న తలుపుకేసి చూస్తూ పావుగంట నిలబడతాం. అదేం తొందరో, దిగాక అందరం కలిసి అదే బెల్టు దగ్గర అవే పెట్టెల కోసం కాచుకుంటాం!

మాటలు మానేసిన ఆ రెండు పూటలూ గడిచాక అక్క ఫోన్ అందుకుంది. "దోహాలో విమానం మారాలిటరా. ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించు."

బావగారు రోజూ చీకటితోనే లేచి కాలవగట్టు మీద లాకుల దాకా నడిచొచ్చే మనిషి. కాళ్ళకేం లోటు లేదు. లోటల్లా ఆ మైకులో వచ్చే ఇంగ్లీషు. గేటు మారిందని చెప్తే అర్థమవుతుందా, అడిగితే ఎవరైనా ఆగుతారా? శంషాబాద్‌లో అమెరికా వైపు వెళ్ళే రాత్రి విమానాల దగ్గర చూడండి, కుర్చీల వరసలో సగం మన అమ్మలూ నాన్నలే. పాస్‌పోర్టు కవరు రెండు చేతుల్తో పట్టుకుని, ఎవరో కుర్రాడు తోస్తుంటే తలొంచుకుని కూర్చుంటారు. నిజంగా నడవలేనివాళ్ళు వెనకెక్కడో ఆగి ఉంటారని వాళ్ళకీ తెలుసు. టిక్కెట్టు పంపినవాళ్ళం, యూట్యూబు లింకులు పంపినవాళ్ళం, తోడుగా మనిషిని మాత్రం పంపలేకపోయాం. పిడుగు గురించీ తలుపు గురించీ అన్ని ప్రశ్నలు వేసిన బావగారు, ఈ సంగతి అక్క చేత చెప్పించారు.

దరఖాస్తు తెరిచాను. విమానాలవాళ్ళకి దీనికీ కోడ్లున్నాయి. మెట్లెక్కగలరు గానీ దూరం నడవలేరు, అది డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే చివర ఎస్. అసలు కదల్లేకపోతే సి. లాకుల దాకా నడిచొచ్చి, దోహా మైకుకి మాత్రం భయపడే వాళ్ళకి కోడు లేదు. ఆర్ దగ్గర టిక్కు పెట్టాను.

"తోసేవాడికి ఎంతివ్వాలోయ్?" బావగారే, వెనకనుంచి.

"ఐదు డాలర్లివ్వండి."

అటు లెక్క కట్టిన చప్పుడు. "నాలుగొందల పైనా! ఇద్దరికీ ఎనిమిదొందలు! ఆ డబ్బుకి నడిచే పోతాను."

"నడవండి," అంది అక్క. "నేను కూర్చుంటాను. నా కుర్చీ ఎటెళ్తే అటు రండి."