రెండున్నర గంటల్లో నీళ్లు

తెలుగు సినిమా వాళ్లకు ఈ మధ్య వినోదం ఇస్తున్నామని చెప్పుకోవడం నామోషీగా ఉన్నట్టుంది. "వినోదంతో పాటు మంచి సందేశం కూడా ఉంది" అంటేనే గానీ ప్రీ రిలీజ్ వేడుకలో మైకు వదలడం లేదు. ఆ సందేశం తరచుగా రైతు గురించి, పల్లె గురించి, నీళ్ల గురించి. అంటే మా గురించి. మాది కురిచేడు. ఒక పక్క దర్శి, ఇంకో పక్క దొనకొండ, అవతల మార్కాపురం, ఆపైన నల్లమల. కరువు మీద సినిమా తీస్తే అందులో మేం కథావస్తువులం. అది విడుదలయ్యాక టికెట్ కొనుక్కుని ప్రేక్షకులం. రెండు చోట్లా మా పాత్ర ఒకటే: నోరు తెరుచుకుని హీరో వంక చూడటం.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను గనుక సందేశ చిత్రంలో పల్లెటూరు ఎట్టా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. నేల నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ నెర్రెలు కళా దర్శకుడు కొలత పెట్టి గీసినట్టు సమానంగా ఉంటాయి. ఒక ముసలమ్మ ఖాళీ బిందెతో నిలబడి ఉంటుంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంటుంది పాపం, హీరో కారు ఎప్పుడొస్తే అప్పుడు చెంప నిమరాలి గదా! రైతులంతా ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల పంచెల్లో రచ్చబండ చుట్టూ గుమిగూడి ఉంటారు. పొలంలో ఎవరూ ఉండరు. పాలేర్లుండరు, కూలి ఆడవాళ్లుండరు, కౌలు రైతు అనే జీవి అసలే ఉండడు. ఊరి వాళ్లకు సమస్య ఏమిటో తెలియదు. అది హీరో వచ్చి చెప్పాలి. చెప్పాక వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని "నిజమే గదా" అన్నట్టు తలలూపాలి.

ఇక నీళ్లు వచ్చే పద్ధతి చూడండి. 2002లో వచ్చిన 'ఇంద్ర'లో సీమకు నీళ్ల కోసం హీరో ఆస్తినీ ఊరినీ వదిలేసి, కాశీ పోయి టాక్సీ నడుపుకుంటాడు. దర్శకుడు బి. గోపాల్ మా ప్రకాశం జిల్లా వాడే కాబట్టి, ఆ కష్టం ఆయనకు తెలియదని అనలేం. 2017 సంక్రాంతికి 'ఖైదీ నంబర్ 150'లో హీరో వృద్ధుల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌కు నీళ్లు పోయే గొట్టాల్లో కూర్చున్నాడు. నగరం కుళాయిలు ఎండిపోయాయి, పల్లె కష్టం దేశానికంతా తెలిసిపోయింది. 2015లో 'శ్రీమంతుడు' పాతిక వేల కోట్ల ఆస్తికి వారసుడై ఉండి, సైకిలెక్కి వచ్చి దేవరకోటను దత్తత తీసుకున్నాడు. 2019లో 'మహర్షి' ఏకంగా అమెరికా కంపెనీ పెద్ద కుర్చీలో నుంచి లేచొచ్చి మా తరఫున విలేఖరుల సమావేశం పెట్టాడు. ఒకాయన ఆస్తి వదులుకున్నాడు, ఒకాయన గొట్టంలో దూరాడు, ఒకాయన దత్తత తీసుకున్నాడు, ఒకాయన ఉపన్యాసం ఇచ్చాడు. అందరికీ రెండున్నర, మూడు గంటల్లోనే పని అయిపోయింది, అందులో నాలుగైదు పాటలు కూడా.

ఇప్పుడు మా పడమటి వైపు నడుస్తున్న అసలు సినిమా చెబుతాను. దాని పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి వరద నీరు 43.5 టీఎంసీలు నల్లమల కడుపులోంచి తీసుకురావాలి. అందుకు రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైనే. 1996లో శంకుస్థాపన. 2004లో మళ్లీ శంకుస్థాపన. మనకు సినిమాకు రెండోసారి కొబ్బరికాయ కొట్టారంటే నిర్మాత మారాడని అర్థం, ఇక్కడా దాదాపు అంతే. కొండను తొలిచే యంత్రాలు లోపలే మొరాయించాయి. తెర మీదైతే అవసరానికి మొరాయించేది విలన్ కారు ఒక్కటే. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. అంకితమయ్యాక కూడా పనులు మిగిలాయి. ఎన్నికల సభల్లో ట్రైలర్లు మాత్రం ఎన్నో చూశాం. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, వాళ్ల పిల్లలకు 'ఇంద్ర' రీ రిలీజ్ చూపించారు.

మా కురిచేడు దాకా సాగర్ కుడి కాలువ వస్తుంది. ఎక్కడ నీళ్లు వదిలారో, ఎప్పటికి మా తూము దాకా వస్తాయో అన్నది ఒక పెద్ద కథ. పైన మేజరు కాలువల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడేవాళ్లుంటారు. రాత్రికి రాత్రి కట్టకు గండి కొట్టి పైపు దూర్చేవాళ్లుంటారు. వారబందీ అంటారు, మన వంతు వచ్చేసరికి ఆ వారం అయిపోతుంది. ఈ కథలో హీరో ఎవరంటే లస్కరు. టీవీఎస్ ఎక్సెల్ మీద, కాళ్ల దగ్గర షట్టర్ తిప్పే ఇనప హ్యాండిల్ పెట్టుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని కట్ట వెంబడి పోతుంటాడు. ఆ హ్యాండిల్ నాలుగు చుట్లు ఎక్కువ తిప్పితే చివరి భూముల మిరప బతుకుతుంది, తక్కువ తిప్పితే పైవాళ్ల వరి మునుగుతుంది. పైవాళ్లు తిడతారు, కిందివాళ్లు తిడతారు, జేఈ ఫోన్‌లో తిడతాడు. జీతం సరిగా రాదు. ఒక రాత్రి తూము దగ్గర మేం నలుగురం కాపలా కూర్చుంటే ఆయన వచ్చి, "మీరుండి ఏం చేస్తారయ్యా, పైన ఇంజన్లు ఆపితే గదా నీళ్లు దిగేది. పదండి, వచ్చి మీరూ మాట్లాడండి" అన్నాడు. నిజానికి సందేశం అంటే అది. ఇన్ని నీళ్ల సినిమాలు చూశాను గానీ ఒక్కదాంట్లోనూ లస్కరు అనే మనిషి ఒక్క ఫ్రేములో కూడా నాకు కనపడలేదు.

విలేఖరుల సమావేశం సంగతి వేరే చెప్పాలి. ప్రతి సందేశ చిత్రానికీ చివర అది ఉంటుంది. హీరో మైకు ముందుకొస్తాడు. పది నిమిషాలు ఆగకుండా మాట్లాడతాడు. మధ్యలో ఒక్క విలేఖరి కూడా ప్రశ్న అడగడు. కెమెరామెన్ కెమెరా దించి కళ్లు తుడుచుకుంటాడు. మూల కుర్చీలో ఒకాయన లేచి నెమ్మదిగా చప్పట్లు మొదలుపెడతాడు, ఆపైన హాలంతా లేస్తుంది. మా దగ్గర నీటి సంఘం వాళ్లు నిజంగా ఒకసారి సమావేశం పెట్టారు. వచ్చిన కంట్రిబ్యూటర్ కుర్చీలో సర్దుకోకముందే "ప్రెస్ నోట్ ఉందా అన్నా? ఉంటే వాట్సాప్‌లో పెట్టండి, ఇంకో మీటింగు ఉంది" అన్నాడు. మర్నాడు జిల్లా పేజీలో అడుగున రెండంగుళాల వార్త. శీర్షిక 'సాగునీరు విడుదల చేయాలి'. ఎవరూ ఏడవలేదు. ఏడ్చే ఖాళీ ఆయనకెక్కడిది?

విరామం కూడా సందేశంలో భాగమే. తెర మీద విలన్ పల్లె నీళ్లు తాగేసే కార్పొరేట్ కంపెనీ వాడు. వాడి మీద కోపంతో పళ్లు పటపటా కొరుకుతూ బయటికొచ్చి, బయట కొట్టు ధరకు రెట్టింపు పెట్టి అదే జాతి కూల్‌డ్రింకు తాగుతాం. సీసా మీద బొమ్మ ఎవరిదంటే ఆ హీరోల్లో ఒకరిదే కావచ్చు. సినిమా ఇంత ఖరీదు పెట్టి తీశాం, మొదటి వారం టికెట్ ధర పెంచుకోనివ్వండి అని నిర్మాతలు ప్రభుత్వాన్ని అడుగుతారు, జీవో వస్తుంది. రైతు తన మిరపకు ధర పెంచుకోనివ్వండి అని అడిగితే మార్కెట్ యార్డు నవ్వుతుంది. ఆ రైతు కన్నీళ్లను పెంచిన ధర మీద మనమే కొనుక్కుని చూసి, తిరిగి ఇంటికొచ్చేటప్పుడు "భలే చెప్పాడు గదరా మన గురించి" అనుకుంటాం.

'మహర్షి' విడుదలయ్యాక మరో విచిత్రం జరిగింది. వారాంతపు వ్యవసాయం. మా వీధి కుర్రాడొకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని శనివారం దిగాడు. కొత్త పంచెలు, నడుముకు ఎర్ర తువ్వాళ్లు, కాళ్లకు మాత్రం బూట్లు.

"బాబాయ్, నాగలి ఉందా?" అన్నాడు.

"నాగలి యాడుందిరా అబ్బాయ్, మీ తాత పోయాక మీ ఇంట్లోది మీ నాయనే పొయ్యిలోకి కొట్టించాడు. రోటావేటరు ఉంది, తోలతావా?" అన్నాను.

రోటావేటరుతో ఫొటో బాగుండదట. ఊరంతా తిరిగి చివరికి ఎవరి కొట్టంలోనో బూజు పట్టిన మేడి దొరికింది. ఎద్దులు లేవు. ఇద్దరు కుర్రాళ్లు ముందు నిలబడి పట్టుకుంటే, ఇంకొకడు వెనక నుంచి మేడి మీద చెయ్యేసి ఆకాశం వైపు చూశాడు. ఫొటో అయింది. మధ్యాహ్నానికి ఎండ తగిలి ఒకడికి కళ్లు తిరిగాయి, సాయంత్రం బండికి వెళ్లిపోయారు. ఆ చేలో అప్పటికే కంది కోసేసి నెలలైంది. అంటే వాళ్లు దున్నినా దున్నకపోయినా కందికి వచ్చిన నష్టం లేదు, అదొక్కటే ఊరట.

"సినిమాను సినిమాలా చూడాలి, అంత లాజిక్ ఎందుకు?" అని మా ఊళ్లోనే నా మీదికి వచ్చేవాళ్లున్నారు. సరే, చూస్తాను. హీరో ఒక్క దెబ్బకు సుమోలు గాల్లోకి లేస్తే నేను ఈలేస్తాను. రామారావు గారు మాయా మశ్చీంద్రుడై వేషాలు మారిస్తే నమ్మాను, ఎవడూ లాజిక్ అడగలేదు. ఎందుకంటే ఆ సినిమా నాకు లోకజ్ఞానం నేర్పుతానని చెప్పలేదు. నేర్పుతానన్నవాడికి మాత్రం పరీక్ష పెట్టక తప్పదు. సందేశం అన్న మాట పోస్టరు మీద వేసుకున్నాక, లాజిక్ అడగొద్దంటే ఎట్టా?

సందేశాలు తెలుగు సినిమాకు కొత్తేం కాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశాడు. చల్లపల్లి జమీందారు పెట్టుబడి పెట్టిన సంస్థ నుంచి జమీందారీ దాష్టీకం మీద సినిమా! మిగతా జమీందార్లు భగ్గుమన్నారు, చాలాచోట్ల దాని ప్రదర్శన నిలిపివేయించారు. మా పక్క దర్శి, పొదిలి అప్పట్లో వెంకటగిరి జమీందారీ కిందివే, కాబట్టి కోపం ఎవరికి వచ్చి ఉంటుందో మా పెద్దలకు ఒకరు చెప్పక్కర్లేదు. సాగర్‌కు పునాదిరాయి పడిన 1955లోనే తాపీ చాణక్య 'రోజులు మారాయి' వచ్చింది. అందులోనూ హీరో ఉన్నాడు, కానీ హెలికాప్టర్‌లో దిగలేదు, ఊరి రైతులతో కలిసి బంజరు కోసం నిలబడ్డాడు. తర్వాత మా జిల్లా నుంచే మాదాల రంగారావు 1981లో 'ఎర్ర మల్లెలు' తెచ్చాడు, టి. కృష్ణ 1983లో 'నేటి భారతం' తీశాడు. వాటిలో కేకలెక్కువ, నాటకం పాళ్లెక్కువ అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ కేకలు వేసేది ఊరి జనం. హీరో వచ్చేదాకా బిందె పట్టుకుని నిలబడే జనం కాదు.

ఇప్పటి సందేశ చిత్రానికీ వాటికీ తేడా అక్కడే. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటారు. మంత్రులు ప్రత్యేక ప్రదర్శన చూసి కళ్లు చెమర్చాయంటారు. నీళ్లు ఆపిన వాడు, వెలిగొండ నిర్వాసితుల పరిహారం ఎగ్గొట్టిన వాడు, ఇంజన్ పెట్టి మా కాలువ తోడిన వాడు కూడా మా పక్క సీట్లోనే కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటాడు. తెర మీద దొంగ ఎవడో సూటు వేసుకున్న బొంబాయి వాడు కాబట్టి తనకేం ఇబ్బంది లేదు.

అందుకని ఈసారి రైతు కథతో వచ్చే దర్శకుడికి ఒక విన్నపం. కురిచేడు రండి, షూటింగ్ ఇక్కడే పెట్టుకోండి, గుంటూరు బండి మా స్టేషన్లో ఆగుతుంది. మీ హీరోకు లస్కరు పాత్ర ఇవ్వండి. ఇంజన్లు పెట్టింది ఎవరో, వెలిగొండ కాంట్రాక్టు ఎన్నిసార్లు ఎందుకు మారిందో, పరిహారం ఏ బల్ల మీద ఆగిందో పేర్లతో చూపించండి. విడుదల నాడు ఒక్క కాంట్రాక్టరైనా మీ మీద కేసు వేస్తే, ఒక్క నాయకుడైనా బొమ్మ ఆపమని ధర్నాకు దిగితే, అప్పుడు పెంచిన ధర పెట్టి టికెట్ కొంటాం, దాన్ని సందేశ చిత్రమనే పిలుస్తాం. ఎవరికీ కోపం తెప్పించని సందేశమైతే మాకు ప్రతి ఎన్నికలకూ ఉచితంగానే వస్తోంది.