కొన్నది మనదే, కాపీ కూడా మనదే: నిక్కమైన చిట్కాలు

1. చట్టాన్ని సగమే చదవండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ‘వ్యక్తిగత వాడకం’ అన్న మాట దొరకగానే పుస్తకం మూసేయండి. అది ‘న్యాయంగా’ ఉండాలన్న షరతు పక్కనే ఉంటుంది, దాని జోలికి పోకండి. 2012 సవరణతో సినిమాలు, రికార్డు పాటలు కూడా ఇందులోకి వచ్చాయని మాత్రం గుర్తుంచుకోండి. పంచాయితీలో గొంతు పెంచడానికి పనికొస్తుంది.

2. ‘సొంతం’ ఎంతవరకో మీరే తేల్చండి. ముందు ఇల్లు, తర్వాత బామ్మర్ది, బామ్మర్ది దోస్తులు, జగిత్యాల చుట్టాలు, దుబాయ్‌లో తమ్ముడు, తమ్ముడి క్యాంపులో అందరూ. గల్ఫ్ నుంచి వచ్చినాయన డబుల్ డెక్ టేప్ రికార్డర్ తెస్తే, వాడకట్టంతా ఒక్క ఒగ్గు కథ క్యాసెట్‌తో వెళ్లదీసిన జిల్లా మనది. కథ చెప్పిన ఒగ్గు కళాకారుడికి ఏం ముట్టిందని అప్పుడెవరూ అడగలేదు. మీరూ అడగకండి.

3. సాఫ్ట్‌వేర్‌కు ఈ ‘వ్యక్తిగత వాడకం’ వెసులుబాటు లేదు గానీ, పాడైతే అక్కరకొస్తుందని బ్యాకప్ తీసుకోనిస్తారు. అసలుది అమ్మేయండి, బ్యాకప్ వాడుకోండి.

4. డిస్కుకు డిజిటల్ తాళముంటే పగలగొట్టండి. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశం రుజువైతేనే 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పోలీసులకు శ్రమ ఎందుకు? ఆ ఉద్దేశమేదో ముందే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి.

5. ఉత్త పుణ్యానికి పంచకండి. 63వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. లాభం కోసం కాదని తేలితే కోర్టు కారణాలు రాసి తగ్గించే ప్రమాదముంది. అందుకే మెమొరీ కార్డుకు పది రూపాయలైనా తీసుకోండి. ‘మెమొరీ కార్డులో కొత్త పాటలు ఎక్కించబడును’ అని రేటుతో సహా దుకాణం అద్దానికి అంటించండి. మన ఊరి టవర్ సర్కిల్‌లో బండి మీద పోయేవాళ్లకు కూడా కనబడాలి.

6. టికెట్ కొంటే సినిమా కొన్నట్టే. హాల్లో ఫోన్ ఎత్తి పట్టుకుని మొత్తం తీయండి. చెయ్యి గుంజితే పక్క సీటాయనకు ఇవ్వండి, సాక్షి కూడా తయారైనట్టే. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ ప్రకారం కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా. పై హద్దు మూడేళ్లు, సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం. కాబట్టి చిన్న సినిమాలతో టైమ్ పాడు చేసుకోకండి. వందల కోట్ల సినిమా వచ్చేదాకా ఆగండి.