బానెట్ సంజీవని అను టీక

మూలం

పాత కారులోన పరదేశి యంత్రమ్ము
పెట్టవచ్చుననుచు బేరమాడి
బ్రాకెటొకటి చేసి బానెట్టు మూసెను
సూర్యపేటలోని సూక్ష్మబుద్ధి

అవతారిక

కోలాచల మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మాటిచ్చాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం మా వల్ల కాదు. ఇంజిన్ గురించి మాట్లాడుతూ అక్కర్లేనిది చెప్పకుండా ఉండగల మనిషి హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద ఇంకా పుట్టలేదు.

టీక

పాత కారులోన: ఇక్కడ కారు అంటే కాంటెస్సా అని పెద్దల నిర్ణయం. అంబాసిడర్ అనే వాళ్ళూ ఉన్నారు. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపాడాలో 1984 నుంచి 2002 దాకా కాంటెస్సాను చేసింది. పొడుగాటి బానెట్, వెడల్పాటి ముఖం, వెనక చక్రాలకు నడక. అసలు స్పోర్ట్స్ కారును క్యాలెండర్‌లో తప్ప చూడని తరానికి అదే స్పోర్ట్స్ కారు. తరవాతి మోడళ్ళను కంపెనీయే ‘క్లాసిక్’ అని పేరుపెట్టి అమ్మింది కనుక, దానికి శాస్త్రీయ వ్యాఖ్య రాయడంలో దోషం లేదు.

పరదేశి యంత్రమ్ము: వేరే కంపెనీ ఇంజిన్ అని అర్థం. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది, తగువూ ఇక్కడే ఉంది. కారుకు దాని సొంత ఇంజినే ఉండాలి, మారిస్తే కులం చెడుతుంది అని పూర్వపక్షుల వాదం. అయ్యా, ఏది సొంతం? కాంటెస్సా ఒళ్ళు ఇంగ్లండులో వాక్స్‌హాల్ వాళ్ళు 1970లలో చేసిన విక్టర్‌ది. వాక్స్‌హాల్ 1925 నుంచి అమెరికా జనరల్ మోటార్స్ ఇంటి బిడ్డ. అందులో మన వాళ్ళు మొదట బిగించిందేమో అంబాసిడర్‌లో తిరుగుతున్న 1489 సీసీ ఇంజిన్. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌ది, అంటే వాక్స్‌హాల్‌కు పగవాడి సొత్తు. శక్తి దాదాపు 50 గుర్రాలు. అంత ఒంటికి అంత ప్రాణం చాలదు. ఘాట్ రోడ్డు ఎక్కించినవాడికి తెలుస్తుంది ఆ ఆయాసం.

తరవాత కంపెనీయే దాన్ని దించి జపాను ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ ఎక్కించింది. 1817 సీసీ, 88 గుర్రాలు, అయిదు గేర్లు. ఆ ఇసుజులో 1971లోనే మూడో వంతుకు పైగా వాటా కొన్నదెవరు? జనరల్ మోటార్సే. అంటే తరవాత వచ్చిన జపాను ఇంజిన్ వాక్స్‌హాల్ ఒంటికి దాయాది, ముందు నుంచీ ఉన్న ‘ఒరిజినల్’ ఇంజిన్ అసలైన పరాయిది! సగోత్రం కనుక ఈ సంబంధం కుదరదని ఎవరైనా అడ్డు చెబితే చెప్పాలి కానీ, పరాయిదని చెప్పడానికి వీల్లేదు. కాబట్టి, దించేసిన ఇంజినే పరదేశి అని అన్వయం.

ఆ 1489 సీసీని మరీ తీసిపారేయకూడదు. దాని తోబుట్టువు, అదే కొలత, 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో రెండు కార్బురేటర్లతో పరుగులు తీసింది. ఒకే కడుపున పుట్టిన వాళ్ళలో ఒకడు రేసులకు పోయాడు, ఒకడు పెళ్ళిళ్ళకు అంబాసిడర్ తోలాడు.

దృష్టాంతాలు మన దేశంలోనే కావలసినన్ని. ప్రీమియర్ 118ఎన్ఈ ఫియట్ 124 ఒంట్లో నిస్సాన్ గుండె. మద్రాసు స్టాండర్డ్ వాళ్ళు 1985లో రోవర్ బాడీ తెచ్చారు. ఇంగ్లండులో ఎనిమిది సిలిండర్లతో పరిగెత్తిన ఒళ్ళది. అందులో తాతల నాటి వ్యాన్‌గార్డ్ ఇంజిన్ పెట్టి స్టాండర్డ్ 2000 అన్నారు. జనం కొనలేదు. ఇంజిన్ మార్చడం తప్పు కాదు, తగ్గించడం తప్పు అని అందరికీ అర్థమైంది, కంపెనీకి తప్ప.

పెట్టవచ్చుననుచు: ఇక్కడ ‘వచ్చు’ రెండు రకాలు. సామర్థ్యం ఒకటి, అనుమతి ఒకటి. మేస్త్రి మొదటి అర్థంలో అంటాడు, ఓనరు రెండో అర్థంలో వింటాడు. చిక్కంతా ఆ మధ్యలో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసినవాడు చెప్పిన వివరాలకూ ఆర్సీలో వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. కవులు నిరంకుశులు అంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల ముందు ఆ మాట చెల్లదు.

బేరమాడి: స్పష్టం. అయినా ఒక సంభాషణ సంప్రదాయంగా వస్తోంది.
“అన్నా, గింత ఇంజిన్ గింత సందుల పడ్తదా?”
“పడ్తది సారూ. పడకుంటే పడేటట్టు జేస్త.”
రెండో వాక్యానికి విడిగా లెక్క ఉంటుంది. అది బిల్లులో తెలుస్తుంది.

బ్రాకెటొకటి చేసి: ‘ఒకటి’ అనడం న్యూనోక్తి. ఇంజిన్‌కు అటూ ఇటూ మౌంటింగులు కావాలి, గేర్‌బాక్సు తోక కింద అడ్డబీము కావాలి. కంపెనీవి దొరికితే అదృష్టం. లేకపోతే మందపాటి ఇనుప పలక కోసి, వంచి, చిల్లులు పెట్టి, ఇంజిన్‌ను చైనుకు వేలాడదీసి, కొలిచి, మళ్ళీ దించి, మళ్ళీ కోసి. కింద సంపు బీముకు తగులుతుంది. వెనక డిస్ట్రిబ్యూటర్ గోడకు తగులుతుంది. అయిదో గేరు వచ్చిందంటే గేర్‌బాక్సు పొడుగు మారుతుంది, అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టును కోసి అతికించి బ్యాలెన్సింగ్ చేయించాలి. లేకపోతే అరవై దాటగానే సీటు కింద నుంచి వణుకు.

పాత గేర్‌బాక్సే ఉంచుకుంటానంటే పని ఇంకా సున్నితం. రెంటి మధ్యా అడాప్టర్ ప్లేటు లేతు మీద తీయించాలి. క్లచ్ ప్లేటు వెడల్పు కొత్త ఇంజిన్ ఫ్లైవీలుకు సరిపోవాలి, దాని నడిమి బొడ్డు పాత గేర్‌బాక్సు షాఫ్టు పళ్ళకు సరిపోవాలి. అలాంటి ప్లేటు అంగడిలో ఉండదు. ఒక ప్లేటు బొడ్డు ఊడదీసి ఇంకో ప్లేటుకు రివిట్లు కొట్టడమే దారి. అన్నిటికీ మించి, క్రాంకు నడిమి గీత, గేరు షాఫ్టు నడిమి గీత ఒకటే కావాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అది. తప్పితే క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి జంకుతుంది, కొన్నాళ్ళకు బొడ్డే చిరుగుతుంది. అందుకని ఇంజిన్ చూసి మెచ్చుకునేవాణ్ణి నమ్మవద్దు. బండి కింద దూరి బ్రాకెట్ చూసేవాడే మర్మజ్ఞుడు.

బానెట్టు మూసెను: నిజంగానే మూతపడిందని కవి చెబుతున్నాడు. ఇది తేలిక కాదు. చాలా మార్పిళ్ళు ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఓడిపోయి బానెట్‌కు చిల్లి పెట్టుకుంటాయి. ఇంగ్లండులో 1964లో సన్‌బీమ్ ఆల్పైన్ అనే బుల్లి స్పోర్ట్స్ కారులో ఫోర్డ్ వాళ్ళ ఎనిమిది సిలిండర్ల 4.3 లీటర్ల ఇంజిన్ ఇరికించి టైగర్ అని పేరుపెట్టారు. చోటు కోసం కార్ఖానాలోనే సమ్మెటతో గోడను కొట్టి లోపలికి నొక్కేవారట. వెనకవైపు స్పార్క్ ప్లగ్ ఒకటి తీయాలంటే కూర్చునే చోటు నుంచి మూత విప్పి చెయ్యి దూర్చాలి. టైగర్ చేసే కంపెనీని 1967లో క్రైస్లర్ కొనుక్కుంది. తమ బండిలో ఫోర్డ్ ఇంజిన్ ఎలా అమ్ముతామని ఆ ఏడే ఆపేశారు. సమ్మెటకు గోడ లొంగింది, పరువు లొంగలేదు.

సూర్యపేటలోని సూక్ష్మబుద్ధి: సూక్ష్మమైన బుద్ధి కలవాడు, బహువ్రీహి. ఊరు ప్రసిద్ధం.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. ఊరి పేరు నిజానికి సూర్యాపేట. ‘ర్యా’ దీర్ఘం పాదంలో పట్టక కవి దాన్ని కోసి ‘ర్య’ చేశాడు. మేస్త్రి షాఫ్టు కోసినందుకు కోప్పడేవాళ్ళు కవి దీర్ఘం కోసినందుకూ కోప్పడాలి.

పాఠాంతరాలు

నాలుగో పాదంలో తమ ఊరి పేరు కావాలని కోదాడ వాళ్ళ పట్టు. ‘కోదాడ’ తగణం, సూర్యగణాల పాదంలో ఇమడదు. మిర్యాలగూడ అయితే ఏ మేస్త్రీ ఎక్కించలేని పొడుగు. అందుకని వాళ్ళు తక్కిన పాదాలు సవరించుకున్నారు. రెండో పాదానికి కోదాడ పాఠం ‘పేటవానితోడ బేరమాడి’. అంటే ఓనరు కోదాడ వాడని తేల్చారు. మేస్త్రి మీది, బండి మాది అని. మూడో పాదానికి మిర్యాలగూడ పాఠం ‘బియ్యమమ్మి తెచ్చి బిగియించె నింజిను’. రైసు మిల్లుల ఊరు కనుక డబ్బు ఎక్కడిదో చెబితే చాలు, బ్రాకెట్ గొడవ అక్కర్లేదనుకున్నారు. యతి కుదిరింది, సొగసుగానూ ఉంది. కానీ బ్రాకెట్ లేకుండా ఇంజిన్ గాలిలో నిలబడాల్సి వస్తుంది కనుక ఆ పాఠం అగ్రాహ్యం.

శేషప్రశ్న

దించిన ఇంజిన్ ఏమైంది? కవి చెప్పలేదు. తుక్కుకు వేశాడనే అర్థం తీయకూడదు. ఆర్సీలో ఉన్నది దాని నెంబరే. పైగా 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే, 20,000 రూపాయలు కట్టి ‘వీఏ’ అక్షరాలున్న నెంబరు పొందవచ్చు. మొదటి కాంటెస్సాలకు 2034లో ఆ వయసు వస్తుంది. అప్పుడు గోనెపట్టా కింద నుంచి ఆ పాత 50 గుర్రాలను తీసి మళ్ళీ ఎక్కిస్తే, అది ఇంకో మార్పు అవుతుందా, చేసిన మార్పును చెరిపినట్టవుతుందా? ఈ విషయంలో మూడు ఊళ్ళ వ్యాఖ్యాతలకూ ఏకాభిప్రాయం లేదు. మేస్త్రి మాత్రం రెండుసార్లూ కూలి తీసుకుంటాడు.